మొండివాడనబడు బాలుడు



మన పల్లెలలో పూర్వమునుండి యొక మాట వాడుకలో నున్నది. తండ్రియో తాతయో పిల్లవానిని చేయిపట్టుకొని బడికి తీసికొనివచ్చి, "అయ్యవారూ, కన్నులు రెండును విడిచిపెట్టి తక్కిన తోలంతయు మీరే తీయుడు" అని యొప్పగించుట కలదు. ఆ మాట పలుకునప్పుడు పెద్దల మనస్సులో క్రూరత్వము లేదు. గురువునందు నమ్మకమే యున్నది. కాని దాని నాలకించు బాలునకు ఆ నమ్మకము వినబడదు, తోలు మాత్రమే వినబడును. నేటి ప్రసంగమున నేను విన్నవింపదలచినది అట్టి బాలురను గూర్చియే. అందులోను, ఎంత కొట్టినను దారికి రాలేదని "మొండి", "మొద్దు", "అల్లరి", "పిచ్చి" యను పేర్లు పెట్టించుకొనిన పిల్లలను గూర్చి.

ఈ పేర్లు మోయుచున్న వారిలో పెక్కుమందికి పుట్టుకతోనే మెదడు పనిచేయు తీరు తక్కినవారికంటె వేఱుగా నుండును. వీరిని ఇంగ్లీషులో న్యూరోడైవర్జెంట్ అందురు. నాడీవ్యవస్థ వేఱొక దారిని నడచువారని దాని భావము. మాట కొత్తదియే కాని పిల్లలు కొత్తవారు కారు. ప్రతి తరమునను, ప్రతి యూరియందును వీరున్నారు. వీరిని భయపెట్టి లోబఱచుకొనుట తగునా, కష్టమేమో యెఱిగి తోడుపడుట తగునా యనునది మనము తేల్చుకొనవలసిన ప్రశ్న.

దండమును సమర్థించువారు, కఱ్ఱకు పది గుణములు కలవని చెప్పు చాటుశ్లోకమును తఱచు ప్రమాణముగా చూపుదురు. ఆ పదియు నెవ్వియో విప్పి చూతము. పక్షులను తోలుటకు, కుక్కలను అదలించుటకు, శత్రువు నెదుర్కొనుటకు, పామునుండి కాచుకొనుటకు, పశువులను మరలించుటకు, బురదలో జాఱకుండుటకు, నీటిలో లోతు తెలిసికొనుటకు, అంధునకు దారి యెఱుకపడుటకు, చీకటిలో తడవి నడచుటకు, ముసలితనమున ఆనుకొనుటకు, ఇవి పది. లెక్క సరిపోయినది, బాలుని పేరు ఇందెచ్చటను లేదు. మఱియొక విశేషము. బురద, నీరు, అంధత్వము, చీకటి, వార్ధక్యము అను అయిదింటను కఱ్ఱ చేయు పని కొట్టుట కాదు, నడచువానికి ఊతయగుట. ఆ శ్లోకమును బడికి తేదలచినచో ఆ రెండవ సగమును తెత్తురు గాక.

అయిదేండ్లు లాలింపుము, పదియేండ్లు దండింపుము, పదునాఱవ యేట మిత్రునివలె చూడుము అను నీతియు కలదు గదా యని మీరడుగవచ్చును. కలదు. అయినను, చూపులేని పిల్లవానిని "చదువవేమి" యని కొట్టుట ధర్మమని ఏ నీతిశాస్త్రమును చెప్పదు. చూపులేమి మనకు కనబడును గనుక మనము కొట్టము. నేను చెప్పబోవు ఇబ్బందులు పైకి కనబడవు. ఆ కారణముననే దెబ్బలు పడుచున్నవి. భేద మింతమాత్రమే.

ఇట్టివారిలో బడియందు మనకు ముఖ్యముగా మూడు విధములవారు కనబడుదురు.

మొదటివారు అక్షరములతో చిక్కుపడువారు. ఈ స్థితికి డిస్లెక్సియా యని పేరు. ఇట్టి బాలుడు కథ వినిన చక్కగా తిరిగి చెప్పును. పద్యము చెవితో విని కంఠస్థము చేయును. అంగడిలో చిల్లర లెక్క తప్పడు. పుస్తకము తెఱచినంతనే తడబడును. ప, వ, ష లు వానికి కలిసిపోవును; మ, య లు తాఱుమాఱగును; ద, ధ, థ లలో నేది యేదో తోచదు; గుడులు, ఒత్తులు జాఱిపోవును. వాని కన్నులకు దోషము లేదు, బుద్ధికి కొఱత లేదు. అక్షరరూపమును ధ్వనితో ముడివేయు పని వాని మెదడునకు మిక్కిలి ప్రయాసము. అట్టివానిచేత ఒక మాటను నూఱుసారులు వ్రాయించినచో, తప్పునే నూఱుసారులు వ్రాసి దానినే గట్టిపఱచుకొనును.

రెండవవారు చాంచల్యము మిక్కుటముగా గలవారు. దీనిని వైద్యులు ఏ.డి.హెచ్.డి. యందురు. కూర్చున్నచోట కూర్చుండలేరు. ప్రశ్న ముగియకముందే బదులు చెప్పుదురు. పలక యొకచోట, బలప మొకచోట మఱచివత్తురు. వీరికి చెప్పినమాట వినవలెనను కోరిక యుండును. మనస్సును పట్టి నిలుపు కళ్ళెము మాత్రము బలహీనము. ఆడపిల్లలలో ఈ స్థితి తఱచు అల్లరిగా గాక పరధ్యానముగా కనబడును. మూల కూర్చుండి కిటికీవైపు చూచుచుండు బాలికను ఎవ్వరును కొట్టరు, ఎవ్వరును పట్టించుకొనరు, సంవత్సరములు గడచిపోవును.

మూడవవారు ఆటిజం గలవారు. కొందఱికి మాటలు ఆలస్యముగా వచ్చును. కొందఱు ధారాళముగా మాటలాడుదురు గాని ఎదుటివాని ముఖభావము గుర్తింపలేరు. మన కన్నులలోనికి చూచుట వీరికి కష్టము. నిన్న జరిగినట్లే నేడును జరుగవలెను. దారి మాఱినను, పళ్ళెము మాఱినను కలతపడుదురు. మనకు సామాన్యమైన చప్పుడు, వాసన, స్పర్శ వీరికి భరింపరానివి కావచ్చును. చేతులు ఆడించుట, ఊగుట, ఒకే మాట తిరిగి తిరిగి పలుకుట వీరు తమ్ము తాము నెమ్మదిపఱచుకొను విధములు. కొందఱికి బుద్ధిమాంద్యము కూడ నుండును. కొందఱు గణితమందో సంగీతమందో మిక్కిలి నేర్పరులు. ఈ మూడు స్థితులలో రెండు ఒకే బిడ్డయందు కలసియుండుటయు కద్దు.

నేనెఱిగిన యొక బాలుని సంగతి చెప్పెదను. మూడవ తరగతి చదువుచుండెను. మధ్యాహ్నభోజనమునకు గంట మ్రోగినంతనే బల్లక్రింద దూఱును. చేయిపట్టి వెలికి లాగినవారిని కొఱుకును. మొదట వానిచేత గోడకుర్చీ వేయించిరి. కొఱుకుట హెచ్చెను. పిదప, కదలక కూర్చుండినచో బిస్కత్తు నిత్తుమనిరి. వాడు బల్లను రెండుచేతుల బిగించి పట్టుకొని కూర్చుండెను, బిస్కత్తు లభించెను, అందఱును గెలిచితిమనుకొనిరి. ఇంటికి పోయిన పిమ్మట మాత్రము తల గోడకు కొట్టుకొనుచుండెను. కొన్నాళ్ళకు వాని నాయనమ్మ బడికి వచ్చినది. ఆమెకు చదువు లేదు. "ఇంటిలో ఇత్తడిపళ్ళెము క్రిందపడినను చెవులు మూసికొని ఏడ్చును నాయనా, మీ గంటకును అట్లే యగుచున్నదేమో" అనినది. అంతమంది చదువరులకు తోచనిది ఆమెకు తోచినది. నాటినుండి గంటకు కొంచెము ముందుగా వానికి చెప్పి, పెరటిలోని వేపచెట్టు క్రిందికి పంపుచు, సందడి తగ్గిన పిమ్మట భోజనము పెట్టసాగిరి. ఆ సంవత్సరము ముగియునప్పటికి కొఱుకుట మానెను. గంట వానికి సుఖమైనదని చెప్పను. తప్పించుకొను దారి దొరికినది, అంతే. ఆ దారి దొరికిన పిమ్మట చదువునకు మనస్సు మిగిలినది.

ఈ విషయము రైతులకు నాకంటె బాగుగా తెలియును. నిన్నటివఱకు చక్కగా దున్నిన యెద్దు నేడు కాడి క్రిందికి మెడ పెట్టకున్నచో, తెలిసిన రైతు ముందుగా ములుకోల నెత్తడు. కాడి యెత్తి, మెడ తడవి, ఎచ్చటనైన రాచుకొని పుండుపడినదేమో చూచును. పుండున్నచో పొడుచుటవలన ఎద్దు నడచిన నడచునేమో గాని పుండు మానదు. ఎద్దు విషయమున మనము చూపు ఈ యోచనను బిడ్డ విషయమున చూపవలదా? శిక్షకు జడిసిన పిల్లవాడు బాధను పైకి చూపుట మానును. బహుమానమునకు ఆశపడిన పిల్లవాడును బాధను దిగమ్రింగును. రెండింటను కారణము చెక్కుచెదరక లోపలనే యుండును. ఆ పైని బడియన్న వెఱపు పుట్టును. వెఱపునుండి అబద్ధము, అబద్ధమునుండి బడి యెగవేత, తుదకు చదువు మానుట. ఇట్లు పోయిన పిల్లలు ఎంతమందియో మీ యూరిలో మీరే లెక్కింపగలరు.

ఈ తెలివి లోకమునకు ఒక్కనాట కలుగలేదు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కాన్నర్ అను వైద్యుడు 1943 లో 11 మంది పిల్లల స్వభావమును వర్ణించి యొక వ్యాసము ప్రకటించెను. పిల్లల విషయమున ఆటిజం అను పేరు ప్రసిద్ధికెక్కినది దానివలననే. ఆ పిమ్మట చాలకాలము, తల్లికి ప్రేమ చాలకపోవుటయే యిందులకు కారణమని పలువురు వైద్యులు నమ్మి, తల్లులను నిందించిరి. అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1964 లో గ్రంథము వ్రాసి, ఈ స్థితి శరీరమున పుట్టినదే కాని తల్లి తెచ్చిపెట్టినది కాదని వాదించెను. తరువాతి పరిశోధనలు ఆ పక్షమునే బలపఱచినవి. 1987 లో ఐవార్ లోవాస్ అను కాలిఫోర్నియా ఆచార్యుడు, 19 మంది పసిపిల్లలకు వారమునకు 40 గంటల శిక్షణ యిచ్చి, వారిలో 9 మంది సామాన్యమైన బడిలో మొదటి తరగతి నెగ్గిరని ప్రకటించెను. ఆ శిక్షణమున బహుమానములతో పాటు గద్దింపును, తొడపై చఱపును కూడ నుండెను. నేడు ఆ మార్గమువారును కొట్టుటను సాధారణముగా విడిచిరి. ఆటిజం గలవారిలో పెద్దవారైన పలువురు, ఇట్టి శిక్షణలు తమకు నేర్పినది బాధను కప్పిపుచ్చుకొనుట యని తామే వ్రాయుచున్నారు. 1998 లో రాస్ గ్రీన్ అను మఱియొక మనశ్శాస్త్రజ్ఞుడు, కోపము పట్టజాలని పిల్లలను గూర్చి గ్రంథము వ్రాసి, బిడ్డ తనకు చేతనైనచో మంచిగనే నడచుకొనును, నడచుకొననప్పుడు ఏ నేర్పు కొఱవడినదో పెద్దలు వెదకవలెనను భావమును వ్యాపింపజేసెను.

మనకీ భావము పరాయిది కాదు. పంచతంత్రము పుట్టిన కథ మీరెఱుగుదురు. అమరశక్తి యను రాజునకు ముగ్గురు కుమారులు. ముగ్గురును చదువు వంటపట్టనివారు. వ్యాకరణమునకే పండ్రెండేండ్లు పట్టునని మంత్రులు లెక్కలు చెప్పుచుండగా, విష్ణుశర్మ యను వృద్ధపండితుడు ఆఱునెలల గడువు కోరెను. రాకుమారులకు బెత్తము చూపలేదు, బంగారు నాణెముల ఆశయు పెట్టలేదు. చెప్పు తీరును మార్చెను. కాకులు, తాబేళ్ళు, సింహములు, నక్కలు మాటలాడు కథలలో నీతిశాస్త్రమును పొదిగి చెప్పెను. శిష్యుని మార్చుటకు ముందు పాఠమును మార్చిన ఆ గురువును మనము వేలయేండ్లుగ మెచ్చుకొనుచున్నాము.

ఇక బడిలో చేయదగిన పనులను గూర్చి. ఇందులకు ధనము పెద్దగా అక్కఱలేదు. అక్షరములతో చిక్కుపడు బిడ్డకు ఇసుకలో వ్రేలితో దిద్దించుట, పలుకుచు వ్రాయించుట, ఒకదానిని బోలిన అక్షరములను ఒక్కనాడే గాక వేఱువేఱు నాళ్ళలో నేర్పుట మేలు చేయును. మన వీథిబడులలో ఇసుకదిద్దు ఉండనే యుండెను; కన్ను, చెవి, చేయి మూడును కలసి నేర్చు ఆ పద్ధతినే నేటి నిపుణులును మెచ్చుచున్నారు. అట్టివానిని పదిమంది యెదుట బిగ్గరగా చదువుమని నిలబెట్టరాదు; తెలిసినదానిని నోటితో చెప్పనీయవలెను. చంచలుడగు బిడ్డను గురువునకు దగ్గఱగా కూర్చుండబెట్టవలెను. ఒక్కసారి ఒక్క పనియే చెప్పవలెను. సుద్ద తెచ్చుట, నీళ్ళు తెచ్చుట, పుస్తకములు పంచుట వంటి పనులను నడుమ నడుమ ఒప్పగించినచో, వాని కాళ్ళకు పని దొరకి మనస్సు కుదుటపడును. ఆటిజం గల బిడ్డకు ఆనాడు జరుగబోవు పనులను బొమ్మలుగా గీచి గోడపై వరుసగా నుంచవలెను. మార్పు కలుగునప్పుడు ముందుగా చెప్పవలెను. చెవులు మూసికొనిన మూసికొననిండు. కన్నులలోనికి చూడుమని నిర్బంధింపవలదు, చూడకయు వినగలడు. కలతపడినప్పుడు పోయి కూర్చుండుటకు నిశ్శబ్దమైన మూల యొకటి యుండవలెను; అది శిక్షకు స్థలము కారాదు.

ఇట్లయినచో బడిలో కట్టుబాటు చెడదా, తక్కిన పిల్లలును ఆడినదాట పాడినదిపాట యనరా యని మీకు సందేహము కలుగవచ్చును. న్యాయమైన సందేహమే. దయ యనగా హద్దు లేకపోవుట కాదు. ఒకరినొకరు కొట్టరాదను నియమము అందఱికిని ఉండవలసినదే. కొట్టబోవు చేతిని పట్టి యాపవలసినదే. ఆపిన పిమ్మట తిరిగి కొట్టుటవలన ఆ నియమమును మనమే చెఱిపినవారమగుదుము. కోపము రేగిన వేళ ఉపదేశము చెవి కెక్కదు. బిడ్డ చల్లబడిన పిమ్మట, ఏమైనదో యడిగి, మఱియొకసారి ఏమి చేయవచ్చునో వానితో కలసి యోచింపవలెను. తక్కిన పిల్లల మాటకు వచ్చిన, కుంటివానికి కఱ్ఱ యిచ్చినచో కాళ్ళున్నవారు అసూయపడరు. కారణము చెప్పినచో పిల్లలు మనకంటె త్వరగా గ్రహింతురు.

చట్టమును ఈ మాటనే చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17 వ సెక్షను, బిడ్డను శరీరమున దండించుటను, మనస్సును హింసించుటను నిషేధించినది. అవమానకరమైన పేర్లతో పిలుచుటయు మనస్సును హింసించుటయే గదా. వికలాంగుల కొఱకు 1995 లో చేసిన చట్టము 7 విధముల వైకల్యములను మాత్రమే గుర్తించెను. అందు ఆటిజం గాని డిస్లెక్సియా గాని లేవు. దానికి మాఱుగా వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. ఆటిజమును, చదువుట వ్రాయుటలందలి ప్రత్యేకమైన ఇబ్బందులును వానిలో చేరినవి. ఇట్టి బిడ్డలను అందఱితో కలిపి చదివింపవలెననియు, వారి ఇబ్బందిని వీలైనంత త్వరలో కనిపెట్టి తగిన బోధనపద్ధతి నవలంబింపవలెననియు ఆ చట్టము శాసించినది. చాంచల్యమునకు ఆ పట్టికలో వేఱుగా స్థానము లేదు. అయినను కొట్టరాదను నిషేధము బడిపిల్ల లందఱికిని వర్తించును.

సందేహము కలిగినప్పుడు తొలుత బిడ్డకు వినికిడిని, చూపును పరీక్ష చేయింపుడు. పిలిచిన పలుకని బిడ్డకు వినబడకపోవుటయు కారణము కావచ్చును. పిమ్మట బడిపెద్ద నడిగి మండలమునందలి భవిత కేంద్రమునకు తీసికొనిపొండు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను ఈ కేంద్రములు ప్రత్యేకావసరములు గల పిల్లల కొఱకే యేర్పడినవి. పసిబిడ్డల యెదుగుదలలోని ఆలస్యమును పరీక్షించుటకు జిల్లా ప్రభుత్వ వైద్యశాలలలో కేంద్రములు ఏర్పాటయినవి. సికిందరాబాదులో 1984 లో స్థాపింపబడిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లల విషయమున నిపుణులకు నిలయము. వైద్యుల ధ్రువపత్రము గల విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో అదనపు కాలము, వ్రాతగాని సహాయము మున్నగు వెసులుబాట్లు కలవు. వాతలు పెట్టించుట, భూతవైద్యము చేయించుట వలన బిడ్డకు గాయము తప్ప ఫలము లేదు. ఈ స్థితులు రోగములవలె మాయమగునవి కావు. తోడ్పాటు దొరకినచో వానితోనే చక్కగా బ్రదుకవచ్చును.

చివరిగా, ఈ ప్రసంగమును ఉపాధ్యాయులకంటె ముందుగా మీకు వినిపింపవలెనని నేను కోరుటకు కారణము చెప్పెదను. ఉపాధ్యాయుడు బదిలీపై వచ్చును, బదిలీపై పోవును. ఊరిమాట ఊరిలోనే యుండును. ఒక బిడ్డ తిరునాళ్ళలో చెవులు మూసికొని కేకలు వేసినప్పుడు, "పెంపకము లేని పిల్ల" యని మీలో ఒకరన్నచో, ఆ తల్లి మఱునాటినుండి బిడ్డను ఇంటిలో దాచును. "అమ్మా, చప్పుడునకు తాళలేకున్నది, అవతలకు తీసికొనిపొమ్ము, ఎవ్వరును నిన్ను తప్పుపట్టరు" అని యన్నచో, ఆమె తిరిగి నలుగురిలోనికి వచ్చును. ఆ తల్లులు బిడ్డవలన పడు శ్రమకంటె ఇరుగుపొరుగు మాటలవలన పడు కష్టము హెచ్చు. ఉపాధ్యాయుడు బెత్తము విడిచి ఓపికతో చెప్పుచున్నప్పుడు, ఈయనకు బడి నడుప చేతకాదని రచ్చబండపై ననకుడు. ఆయనకు మీ యండ కావలెను. మీ మనుమడో మనుమరాలో బడికి పోనని మొండికేసినచో, ఒక్కదినము పనులు మాని ఆ బిడ్డతోకూడ బడికి పోయి, ఎచ్చట, ఏ వేళ, దేనికి బెదరుచున్నదో మౌనముగా చూడుడు. చూచినదానిని ఉపాధ్యాయునితో చెప్పుడు. బిడ్డ పుట్టిననాటినుండి ఎఱిగిన పెద్దలకు తెలిసినంత, బడిలో కొన్ని గంటలు చూచువారికి తెలియదు.